మాట పడ్డ రోజు, చెయ్యి ఆడని రోజు: పెళ్ళి ఫోటోగ్రాఫర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలో స్టూడియో పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. రీలు కెమెరాతో మొదలుపెట్టాను, ఇప్పుడు డ్రోన్ దాకా వచ్చాం. ప్రింట్ల కోసం ల్యాబ్‌లో కూర్చున్నప్పుడో, మూఢంలో పని లేక టీ కొట్టు దగ్గర చేరినప్పుడో, కొత్తగా ఈ పనిలోకి వచ్చిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఏదో ఒకటి అడుగుతుంటారు. ఏ కెమెరా కొనాలని అడిగేవాళ్ళు తక్కువ. "అన్నా, నిన్న పెళ్ళి పార్టీ వాళ్ళు అంత మాటన్నారు, రాత్రంతా నిద్ర పట్టలేదు" అని మొదలుపెట్టేవాళ్ళే ఎక్కువ. వాళ్ళకు చెప్పిన మాటలే ఇక్కడ కాస్త నిదానంగా రాస్తున్నాను.

ఆల్బమ్ చూసి "ఏం బాలేదండి" అన్నారు. అక్కడికక్కడ ఏం చెప్పాలి?

ఏమీ చెప్పొద్దు. కూర్చోమని మంచినీళ్ళివ్వండి. ఆల్బమ్ మళ్ళీ వాళ్ళ చేతికే ఇవ్వండి. "ఏం బాలేదు" అన్న మాటను పట్టుకుని మనం చేయగలిగింది లేదు. వాళ్ళ వేలు ఏ షీటు దగ్గర ఆగుతోంది, ఏ షీటు గబగబా తిప్పేస్తున్నారు, కళ్ళు ఎవరి కోసం వెతుకుతున్నాయి, అది చూడండి. నేను విన్న ఫిర్యాదుల్లో చాలా వాటి వెనక ఫోటోలో ఉండాల్సిన మనిషి లేకపోవడమే ఉంది.

ఇది నాకు ఒక తల్లి నేర్పింది. అంబాజీపేట వైపు పెళ్ళి. నేను అప్పటికి కొత్తగా క్యాండిడ్, అంటే నిలబెట్టకుండా సహజంగా తీసే ఫోటోల మోజులో పడ్డాను. ఆల్బమ్ ఇచ్చిన వారానికి పెళ్ళికూతురి అమ్మగారు ఒక మధ్యాహ్నం ఒక్కరే స్టూడియోకి వచ్చారు. స్టూలు మీద కూర్చుని, ఆల్బమ్ ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలు తడి చేసుకుంటూ ఒక్కో షీటూ తిప్పారు. చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికొచ్చారు. పెళ్ళికూతుర్ని బుట్టలో తెచ్చే ఫోటో దగ్గర ఆగారు. ఆ ఫోటో అంటే నాకు మహా గర్వం. అమ్మాయి కళ్ళు దించుకుని ఉంటుంది, వెనక లైట్లన్నీ మసగ్గా, గుండ్రంగా మెరుస్తుంటాయి.

"మా అన్నయ్య ఏడి బాబూ?" అన్నారావిడ.

బుట్ట మోసిన మేనమామల్లో పెద్దాయన. పెళ్ళైన రెండు నెలలకే గుండెపోటుతో పోయారట. నాకు తెలియదు. అమ్మాయి ముఖం కోసం దగ్గరికి లాగి, అటూ ఇటూ ఉన్న మేనమామలిద్దర్నీ ఫ్రేములోంచి తీసేశాను.

ఆ రాత్రి హార్డ్‌డిస్కు మొత్తం వెతికాను. ఆయన ముఖం తెలిసే ఫోటో ఒక్కటి కూడా లేదు. ఒక ఫ్రేములో మాత్రం బుట్ట అంచు పట్టుకున్న చెయ్యి ఉంది. మోచేతి దాకా మడిచిన చొక్కా, స్టీలు గొలుసు వాచీ, బరువుకు తేలిన నరాలు. దాన్నే పెద్దదిగా ప్రింటు వేయించి ఇంటికి పట్టుకెళ్ళాను. ఆవిడ వాచీ మీద వేలు పెట్టి, "ఇది నేను కొనిచ్చిందే" అన్నారు. ఇంకేమీ అనలేదు. నాలుగు తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణి.

అప్పటి నుంచి ఏ పెళ్ళికైనా ముందు రోజు ఆ ఇంటి పెద్దావిడ దగ్గర పది నిమిషాలు కూర్చుంటాను. "అమ్మా, ఎవరెవరు తప్పకుండా పడాలి?" అని అడిగి శుభలేఖ వెనక రాసుకుంటాను. పెళ్ళికొడుకును అడిగితే స్నేహితుల పేర్లు చెప్తాడు. పెద్దావిడైతే మంచం దిగలేని తాతగారినీ, గొడవపడి పదేళ్ళ తర్వాత వస్తున్న ఆడపడుచునూ చెప్తుంది. ఆ శుభలేఖ చొక్కా జేబులో ఉంటే నాకు సగం భయం పోతుంది.

"అమ్మాయి నల్లగా వచ్చింది" అంటున్నారు. తప్పు నాదా, వాళ్ళదా?

రెండూ అవుతుంటాయి. ముందు మనది చూసుకుందాం.

మధుపర్కాలు కట్టుకునేసరికి ఫ్రేములో ఎక్కువ భాగం తెలుపైపోతుంది. ఆటో మోడ్‌లో పెట్టిన కెమెరా ఆ తెలుపును చూసి వెలుతురు ఎక్కువుందనుకుని ఎక్స్‌పోజర్ తగ్గించేస్తుంది. బట్టలు చక్కగా వస్తాయి, ముఖాలు మాడిపోతాయి. అక్కడ ముప్పావు స్టాపో, ఒక స్టాపో (స్టాపంటే వెలుతురు రెట్టింపు) పెంచుకోవాలి. ఇది తెలియక మొదటి రెండేళ్ళు నేను తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు, అన్నీ న్యాయమైనవే.

రెండోది మన చెట్ల రంగు. కొబ్బరితోటలో, అరటితోటలో ప్రీ వెడ్డింగ్ పెట్టుకుంటే ఆకుల మీద పడ్డ వెలుగు పచ్చగా మారి ముఖం మీదికొస్తుంది. గడ్డం కింద ఆకుపచ్చ, నుదుటి మీద కొబ్బరాకుల సందుల్లోంచి పడ్డ ఎండ మచ్చలు. కంటికి తెలియదు, స్క్రీన్ మీద తెలుస్తుంది. అలాంటి చోట మనిషిని తోట అంచుకు, కాలవ గట్టు వైపుకు తిప్పి ఆకాశం వెలుగు ముఖాన పడేలా నిలబెట్టండి. మూడోది కల్యాణ మండపాల్లో ఊదారంగు ఎల్‌ఈడీ లైట్లు. డెకరేషన్ వాళ్ళతో ముందే మాట్లాడి, ముహూర్తం వేళకు ఆ రంగులు ఆపి తెల్ల లైటు ఉంచమని అడగండి. మర్యాదగా అడిగితే ఆపుతారు.

ఇవన్నీ సరిగ్గా చేశాక కూడా "నల్లగా ఉంది" అంటే, అమ్మాయి చామనఛాయ అనే అర్థం. అక్కడ నేను తెల్లబరచను. కొందరు "పార్టీ అడిగింది చెయ్యాలి కదా" అంటారు. నేనొప్పుకోను. ఒకసారి పెద్దల మాట విని రంగు మార్చి ఇచ్చాను. పెళ్ళికూతురు ఆల్బమ్ చూసి "ఇందులో నేను లేనండి" అంది, చాలా నెమ్మదిగా. ఇప్పుడు అలా ఎవరైనా అడిగితే, "అమ్మగారూ, వెలుతురు తగ్గి ఉంటే సరిచేస్తాను, పాప ముఖం మాత్రం మార్చనండి. ఇరవై ఏళ్ళ తర్వాత వాళ్ళ పిల్లలు చూసుకోవాలి కదండీ" అని చెప్తాను. చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోని వాళ్ళ పని పోయినా ఫర్వాలేదు.

మా వైపు వెటకారం తట్టుకోలేకపోతున్నాను. ఏం చేయాలి?

గోదావరి జిల్లాల్లో పుట్టి వెటకారం పడకుండా ఎవరూ పెద్దవాళ్ళవ్వలేదు. మన దగ్గర చాలామందికి ఫిర్యాదు సూటిగా చెప్పడం మొహమాటం. అందుకే "ఏవండోయ్, మా బావగారి తల మీ కెమెరాలో పట్టలేదాండి?" అంటారు. పదిమందీ నవ్వుతారు. మీకు చెవులు ఎర్రబడతాయి. ఆ నవ్వును పక్కన పెట్టి మాటను విడిగా చూడండి. బావగారి తల నిజంగా తెగిందా? తెగితే "ఆయ్, చూసి సరిచేస్తానండి" అనండి, చేసి చూపించండి. తెగకపోతే మీరూ నవ్వి ఊరుకోండి. వెటకారంలో దాగిన నిజాన్ని తీసుకున్నవాడిని మన ఊళ్ళు గౌరవిస్తాయి, ఇది నేను చాలాసార్లు చూశాను.

ఒక హద్దు మాత్రం ఉంది. మాట మీ పనిని వదిలి మీ కులం మీదికో, ఒంటి మీదికో, ఇంట్లో ఆడవాళ్ళ మీదికో వెళ్ళిందంటే అది విమర్శ కాదు. కెమెరా బ్యాగులో పెట్టి, ఇంటి పెద్దను పక్కకు పిలిచి, "ఇలాగైతే పని చేయలేనండి" అని చెప్పండి. గొంతు పెంచనక్కర్లేదు.

గూగుల్‌లో ఒక్క స్టార్ ఇచ్చారు. జవాబు రాయాలా?

రాయాలి, మర్నాడు. మూడు వాక్యాలు చాలు. ఏం జరిగిందో ఒప్పుకోండి, ఏం చేయబోతున్నారో చెప్పండి, స్టూడియోకి రమ్మనండి. వాళ్ళింటి సంగతులు, ఇవ్వాల్సిన బాకీ అందరి ముందూ రాయకండి. పాత పార్టీలను బతిమాలి అయిదేసి స్టార్లు వేయించుకోవడం కూడా వద్దు. చదివేవాళ్ళకు తెలిసిపోతుంది.

ముహూర్తం టైముకి చెయ్యి ఆడలేదు. ఏది తీసినా బాలేదు. అలాంటప్పుడు షూట్ మధ్యలో ఏం చేయాలి?

ఎక్కువమంది అడిగేది ఇదే, కాబట్టి వివరంగా చెప్తాను.

ముందు కడుపు సంగతి. సీజన్లో వరసగా మూడు రాత్రులు ముహూర్తాలు పడతాయి. ఒకటి రాత్రి పదకొండుకి, ఇంకొకటి తెల్లవారుజామున రెండున్నరకి. పెళ్ళివారి బంతి అయ్యాక తిందాంలే అని ఆగి, ఖాళీ కడుపున రెండు కాఫీలు తాగి నిలబడితే వేళ్ళు వణుకుతాయి. దాన్ని మనం "నాలో కళ చచ్చిపోయింది" అనుకుంటాం. చాలాసార్లు చచ్చింది కళ కాదు, పెరుగన్నం పడక నీరసం. పురోహితుడు గారు గణపతి పూజ మొదలుపెట్టే లోపు నాలుగు ముద్దలు తినేయండి. క్యాటరింగ్ అబ్బాయితో స్నేహంగా ఉంటే అదేమంత కష్టం కాదు.

రెండోది, ఆ రోజుకి పని చిన్నది చేసుకోండి. ఒక్క లెన్సు. అపెర్చర్ (లెన్సు రంధ్రం) ఎఫ్ 4 దగ్గర. ఫ్లాష్ పైకి తిప్పి. షట్టర్ సెకనులో వందో వంతు. మన కరెంటు 50 హెర్ట్జ్, అందుకే మామూలు లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. వందో వంతు దగ్గర ఉంటే చారలు పడే భయం తగ్గుతుంది. వెనక పెద్ద ఎల్‌ఈడీ తెర ఉంటే మాత్రం ఒక ఫ్రేము తీసి పెద్దది చేసి చూసుకోండి, దాని లెక్క వేరు. కొంచెం వెడల్పుగా తీయండి. మనసు బాగున్న రోజు దగ్గరికెళ్ళి కన్నీటి చుక్క పట్టొచ్చు. బాగోలేని రోజు అందరి ముఖాలూ, చేతులూ ఫ్రేములో ఉంటే చాలు.

మూడోది, వరస మనసులో పెట్టుకోండి. అడ్డుతెర, జీలకర్ర బెల్లం, తెర తీయడం, మంగళసూత్రం, తలంబ్రాలు. వీటిలో జీలకర్ర బెల్లం ఘడియ మళ్ళీ రాదు. మూడు ముళ్ళకు ముందు "ఒక్క క్షణం ఇటు చూడండి" అనే వీలు ఉంటుంది, అదీ పురోహితుడు గారితో ముందే అనుకుంటేనే. తలంబ్రాల దగ్గర ఫోకస్ ఎగిరే బియ్యం మీదికి దూకుతుంది. ముందే ముఖం మీద లాక్ చేసుకుని వేలు తీయకుండా కొట్టండి.

నాలుగోది, ప్రతి ఫ్రేమూ వెనక్కి చూసుకోవడం ఆపండి. స్క్రీన్ చూసి నిట్టూర్చిన ప్రతిసారీ ఎదురుగా ఒకటి జరిగిపోతుంది. మరీ కాకపోతే అసిస్టెంటు తమ్ముడికి "ఈ పది నిమిషాలు నువ్వు ముందుండరా" అని చెప్పి మీరు పక్కనుంచి తీయండి. అందులో చిన్నతనం లేదు. మా తమ్ముడు అలా తీసిన అప్పగింతల ఫోటో ఈ రోజుకీ స్టూడియో గోడ మీద ఉంది.

ఇంటికొచ్చాక ఆ రాత్రి ఫోటోలు చూడొద్దు. కార్డులు రెండు చోట్ల కాపీ చేసి పడుకోండి. అలసిన కంటికి అన్నీ చెత్తగానే కనిపిస్తాయి. మర్నాడు స్నానం చేసి, టిఫిన్ తిని చూస్తే అవే ఫోటోల్లో ఆల్బమ్‌కి కావలసినవి దొరుకుతాయి.

అన్ని రోజులూ దొరుకుతాయని చెప్పను. ఒక కనుమకి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాను. పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే వెదురుతో కట్టి అలంకరించి భుజాల మీద మోసుకొచ్చే ఎత్తైన కట్టడాలు, వస్తాయి. గంగలకుర్రు వైపు ప్రభలు కౌశిక కాలవ దాటే ఘట్టం కోసమే చాలామంది అక్కడ కాపు కాస్తారు. నేనూ పొద్దుటినుంచి గట్టు మీద నిలబడ్డాను. సరిగ్గా ప్రభ నీళ్ళలోకి దిగి, మోసేవాళ్ళ భుజాలు ఒక్కసారి వంగిన క్షణాన నేను తప్పు సెట్టింగులో ఉన్నాను. అన్నీ తెల్లగా కాలిపోయాయి. పెళ్ళిలో అయితే మళ్ళీ ఒకసారి నవ్వమనొచ్చు, ప్రభను మళ్ళీ కాలవ దాటమనలేం. ఇంటికి వచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మరుసటి ఏడు వెళ్ళి తీశాను. మొదటి ఏడు పోయింది మాత్రం పోయినట్టే.

కార్డు పాడైంది, సగం పెళ్ళి పోయింది. పార్టీకి చెప్పాలా? సర్దేయొచ్చా?

చెప్పాలి. అదే రోజు, మనిషిగా వెళ్ళి. ఫోన్లో వద్దు.

కానీ ముందు ఆ కార్డు మీద ఇంకేమీ తీయకండి, ఫార్మాట్ చేయకండి. కార్డు మీద కొత్తగా రాయనంత వరకు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు తిరిగి తెచ్చుకునే వీలుంటుంది. కంగారులో మళ్ళీ మళ్ళీ కెమెరాలో పెట్టి తీసి చూస్తే ఉన్నదీ పోతుంది. రెండు కార్డుల కెమెరా ఉంటే రెంటికీ ఒకేసారి రాసేలా పెట్టుకోండి. రెండో కార్డును మొదటిది నిండాక వాడేదానిలా పెట్టుకోవడం మన వాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు.

చెప్పేటప్పుడు సాకు కలపొద్దు. "కార్డు పోయిందండి. సూత్రధారణ దాకా ఉన్నాయి, తర్వాతవి లేవు. బంధువుల ఫోన్లలో ఉన్నవన్నీ నేనే సేకరించి ఆల్బమ్‌లో పెడతాను. బ్యాలెన్స్ వద్దు." తిడతారు. వినాలి. నాకు తెలిసిన ఒకతను వేరే పెళ్ళిలోని హోమగుండం, దీపాల ఫోటోలు కలిపి నింపేశాడు. పెళ్ళికూతురి పిన్నిగారు పీటల మీది ముగ్గు చూసి పట్టేసుకున్నారు. ఆ ఊళ్ళో అతనికి మళ్ళీ పని దొరకలేదు.

"మొబైల్లో తీసినవే బాగున్నాయి" అంటే ఒళ్ళు మండుతుంది.

మండనివ్వకండి. ఒక్కోసారి నిజంగానే బాగుంటాయి. ఫోను ఒక్క నొక్కుకు నాలుగైదు ఫ్రేములు తీసి కలిపి, నీడల్ని తేటపరుస్తుంది. పైగా ఆ ఫోటో తీసింది పెళ్ళికూతురి చెల్లెలు. ఆమెను చూసి నవ్వే నవ్వు మనల్ని చూసి రాదు. ఆ ఫోటో అడిగి తీసుకుని ఆల్బమ్‌లో వేయండి. మేము వేస్తాం.

సీనియర్ ఒకాయన నా ఫోటో చూసినప్పుడల్లా ఏదో ఒకటి అంటారు. అందరి మాటా వినాలా?

అందరిదీ అక్కర్లేదు. ఏ మూల, ఏ వెలుగు, ఏ క్షణం అని వేలు పెట్టి చూపించగలిగిన వాళ్ళ మాట వినండి. నేను పని నేర్చుకున్న స్టూడియోలో గురువుగారు నోరు విప్పితే తిట్టే. కానీ నెగిటివ్‌ను కిటికీ కేసి పట్టి, "ఈయన చెవి పక్కన స్తంభం మొలిచింది చూడు" అనేవారు. ఆ తిట్టు ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. ఏ నేపథ్యం ముందు మనిషిని నిలబెట్టినా ముందు తల వెనక ఏముందో చూస్తాను. "నీకీ పని రాదు, చేపల చెరువు చూసుకో" అన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మాటలో నేను దిద్దుకోవలసింది ఏమీ కనబడలేదు.

అమ్మాయిని. "నువ్వేం తీస్తావమ్మా, మగవాళ్ళెవరూ రాలేదా" అంటారు.

చెల్లీ, ఆ మాట నువ్వు తీసిన ఫోటో చూసి అన్నది కాదు. ఇంకా ఒక్క ఫోటో కూడా తీయకముందే అన్నది. దాన్ని విమర్శల లెక్కలోకి రానివ్వకు.

హొమాయ్ వ్యారావాలా గారి సంగతి తెలుసుకో. 1913లో పుట్టారు, మన దేశంలో తొలి మహిళా ఫోటో జర్నలిస్టు. మొదట్లో ఆవిడ తీసిన ఫోటోలు భర్త పేరు మీద అచ్చయ్యేవి. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల ఢిల్లీని మనం ఈ రోజు చూస్తున్నామంటే అందులో ఆవిడ కెమెరా పాలు చాలా ఉంది. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. అంతటి ఆవిడ కూడా 1948 జనవరి 30న గాంధీగారి ప్రార్థన సభకు బయల్దేరి మధ్యలో వెనక్కి వచ్చేశారు. ఆ సాయంత్రమే ఆయన్ను చంపేశారు. అక్కడ లేకపోయానన్న బాధ ఆవిడకు చివరిదాకా ఉండిపోయింది. బాధ ఉంటూనే ఇంకో ఇరవై ఏళ్ళు పని చేశారు.

ఇంకొకటి, నాకు రుజువైన సంగతి. పెళ్ళికూతురి గదిలో, పసుపు రాసే చోట, అమ్మాయి కెమెరా పట్టుకుని ఉంటే ఆడవాళ్ళు సర్దుకుని కూర్చోరు, మామూలుగా మాట్లాడుకుంటారు. ఆ ఫోటోలు నేను ఇన్నేళ్ళలో తీయలేకపోయాను.

మిగతావాళ్ళ పేజీలు చూస్తే నావన్నీ పనికిరానివనిపిస్తాయి.

వాళ్ళు చూపించేది ఏరినవి. మీరు పోల్చేది మీ హార్డ్‌డిస్కు మొత్తంతో. రాబర్ట్ ఫ్రాంక్ అనే ఫోటోగ్రాఫర్ 1955లో మొదలుపెట్టి అమెరికా అంతా కారులో తిరిగి దాదాపు 28,000 ఫ్రేములు తీశాడు. పుస్తకంలోకి వెళ్ళినవి 83. అవి వచ్చినప్పుడు అక్కడి పేరున్న ఫోటో పత్రిక ఒకటి మసకగా ఉన్నాయని, వంకరగా ఉన్నాయని దులిపేసింది. ఈ రోజు ఫోటోగ్రఫీ నేర్పే చోటల్లా ఆ 83 చూపిస్తారు. ఆయనంత కావాలని మనం బయల్దేరక్కర్లేదు. రెండు వేల ఫోటోల పెళ్ళిలో పది గుర్తుండేవి వస్తే ఆ రోజు బాగా జరిగినట్టే నా లెక్కలో.

బ్యాలెన్స్ ఎగ్గొట్టడానికే వంకలు పెడుతున్నారు. అది విమర్శా?

కాదు, అది బేరం. అడ్వాన్సు తీసుకునే రోజే తెలుగులో ఒక కాగితం రాసుకోండి: ఎన్ని షీట్లు, సెలెక్షన్ ఎన్నాళ్ళలో ఇవ్వాలి, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, ఆల్బమ్ చేతికిచ్చేటప్పుడు ఎంత ఇవ్వాలి. తేడా వస్తే ఆ కాగితం మాట్లాడుతుంది. నొచ్చుకోవడం ఎందుకు?

ఆషాఢంలో, మూఢంలో పని ఉండదు. ఆ రోజుల్లో మనసు మరీ కిందికి పోతుంది.

నాకూ పోయేది. పని ఉన్నప్పుడు గుర్తురాని మాటలన్నీ ఖాళీగా ఉన్నప్పుడు వరసగా గుర్తొస్తాయి.

చేతికి పని పెట్టండి. మన దగ్గర గాలిలో తడి ఎక్కువ, లెన్సుల్లో బూజు పట్టేది ఈ నెలల్లోనే. అన్నీ బయటికి తీసి, లైటు ఎదురుగా పట్టి లోపల సాలెగూడు దారాల్లాంటివి ఉన్నాయేమో చూడండి. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి, తేమ యాభై శాతం లోపు ఉండేలా దాచండి. ఏసీ కారులోంచి దిగగానే లెన్సు మసకబారుతుంది, బ్యాగు మూసే ఉంచి అరగంట ఆగాలని అసిస్టెంట్లకు ఈ తీరికలోనే నేర్పండి.

రాజమండ్రి వెళ్ళినప్పుడు చిత్రకారుడు దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీకి వెళ్తాను. 1897లో పుట్టి 1925లోనే పోయారాయన, ఇరవై ఏడేళ్ళు. ఒక బొమ్మ ముందు పావుగంట నిలబడి, వెలుగు ఎటునుంచి వస్తోంది, చేతులు ఎక్కడ పెట్టాడు అని చూస్తాను. అక్కడ నన్నెవరూ ఏమీ అడగరు. బయటికొచ్చేసరికి తల తేలికవుతుంది.

ఇంకో సంగతి చెప్పాలి. 2022 జూలైలో వరద వచ్చి ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో ఇళ్ళు మునిగాయి. నీళ్ళు తీశాక కొందరు తడిసిన ఫోటోలు సంచుల్లో వేసుకుని స్టూడియోకి వచ్చారు. అతుక్కుపోయిన ప్రింట్లను అలాగే ఆరనివ్వకూడదు, ఆరితే విడవు. పళ్ళెంలో మంచినీళ్ళు పోసి నానబెట్టి, ఒక్కోటీ నెమ్మదిగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా గుడ్డ మీద నీడలో ఆరబెట్టాలి. మూడు రోజులు అదే పని. ఒక నలుపు తెలుపు ఫోటో, ఎవరో మంచి పనివాడు ఏ కాలంలోనో తీసింది, మూలలు పోయినా దంపతుల ముఖాలు నిలిచాయి. తెచ్చిన ముసలాయన దాన్ని అరచేతుల్లో పట్టుకుని, నీళ్ళు కారుతుంటే తుడవడానికి కూడా భయపడ్డాడు. ఆ నెలలో నాకు ఒక్క పెళ్ళి లేదు. దిగులు కూడా లేదు.

నిద్ర పట్టడం లేదు. ఈ పనే వదిలేద్దామనిపిస్తోంది.

సీజన్ చివర అలసటతో అనిపిస్తే పదిరోజులు కెమెరా ముట్టుకోకండి, ఇంట్లోవాళ్ళతో ఉండండి. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, లేదా బతకడం ఎందుకని ఒక్కసారి అనిపించినా అది ఫోటోగ్రఫీ సమస్య కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన సంగతి. టెలీ మానస్ అని ప్రభుత్వ సహాయ నంబరు ఉంది, 14416. డబ్బు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, దయచేసి ఆలస్యం చేయకండి.

పని వదిలేయాలనే నిర్ణయం మాట పడ్డ వారంలో తీసుకోకండి. తీసుకోవాలంటే పని బాగా జరిగిన రోజున తీసుకోండి. అప్పుడు కూడా వదిలేయాలనే అనిపిస్తే హాయిగా వదిలేయండి, ఎవరూ తప్పు పట్టరు.

ఈ రోజు ఒకచోట మాటలు పడి వచ్చాను. రేపు రాత్రి ఇంకో పెళ్ళి. ఎలా వెళ్ళను?

బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టండి. పాత ఫోటోలు రెండు చోట్ల ఉన్నాయని చూసుకుని కార్డులు ఖాళీ చేయండి. లెన్సు తుడవండి. ఈ రోజు జరిగినది ఇంట్లో ఒకరికి చెప్పి, భోంచేసి పడుకోండి. పొద్దున్నే పెళ్ళికూతురి ఇంటికి ఫోన్ చేసి అమ్మమ్మగారినో నాయనమ్మగారినో అడిగి, ఎవరెవరు తప్పకుండా పడాలో రాసుకోండి. ఆ పేర్లు రాసుకుంటుంటే ఈ రోజు ఇల్లు వెనక్కి పోయి, రేపటి ఇల్లు ముందుకొస్తుంది. నరసాపురం నుంచి సఖినేటిపల్లి వైపు గోదావరి దాటాల్సి ఉంటే పంటు (మనుషుల్నీ బళ్ళనీ దాటించే పెద్ద పడవ) వేళలు ముందే కనుక్కుని, గంట ముందే రేవులో ఉండండి.